కొసరు నూనెతో కోడూరు దాకా

కృష్ణా జిల్లా గురించి మా అనంతపురం వాళ్లకి తెలిసింది రెండు ముక్కలే. అక్కడ నీళ్లెక్కువ, బియ్యమెక్కువ. వెళ్లకముందు నాకూ అంతే తెలుసు. వెళ్లివచ్చాను కాబట్టి మూడో ముక్క నేను చెబుతాను: అక్కడ నూనె కూడా ఎక్కువే. తినే నూనె సంగతి కాదు, మోటారు సైకిలులో పోసే నూనె సంగతి. దాని మూలంగా గుడివాడ నుంచి కోడూరు దాకా నేను రోడ్డు పక్కన కూర్చున్నంత సేపు బండి మీద కూర్చోలేదు.

అసలు బండేసుకుని అంత దూరం ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా అక్క రాజేశ్వరి దివిసీమలోని కోడూరులో నర్సు. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చెయ్యడం ఆమె పని. నిరుడు వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి ఒక సంగతి చెప్పింది. వానాకాలంలో సముద్రం వైపు పల్లె నుంచి కబురొస్తే ఎద్దుల బండిలో బయల్దేరిందట. గట్టు మీద చక్రం దిగబడిపోయింది. అక్క సంచీ నెత్తిన పెట్టుకుని బురదలో నడిచింది. వెళ్లేసరికి ఆ తల్లి ఒళ్లు చల్లబడిపోయింది. "గంట ముందెళ్లుంటే బతికేదిరా" అని, మళ్లీ అన్నం కలుపుకుంది గాని తినలేదు.

నా దగ్గర చిన్న మోటారు సైకిలు ఒకటుంది. కొండ బాటల్లో, పొలం గట్ల మీద తిరగడానికని తేలిగ్గా చేసిన బండి. మడ్‌గార్డులు ఎత్తుగా ఉంటాయి, బురద ఇరుక్కోదు. వేరే ఒకరు వాడింది నేను బేరమాడి కొన్నాను. "ఇది నువ్వు తీసుకో" అన్నాను. ఆ సెలవుల్లోనే ఎండిపోయిన పెన్నలో, ఇసుక మీద అక్కకి నడపడం నేర్పించాను. చీర కచ్చ పోసి కట్టి, నాలుగుసార్లు పడి, అయిదోసారి నన్నే వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తీసుకెళ్లింది. మా అమ్మ వారం రోజులు వీధిలో తలెత్తుకోలేకపోయింది. మా నాన్న మాత్రం మీసం తిప్పుకుని తిరిగాడు.

ఈ రకం బండికి ఒక గుణముంది. ఇంజను నూనె వేరే పోసేది ఉండదు, పెట్రోలులోనే కలిపి పొయ్యాలి. నూనె తగ్గితే ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గుకి మసి పట్టి నిప్పురవ్వ రాదు, బండి ఆగిపోతుంది. మా ఊళ్లో ఆ ప్లగ్గు విప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడోగాని వచ్చేది కాదు. అందుకే ధైర్యంగా బండిని రైలెక్కించాను.

గుడివాడ

గుడివాడలో దిగగానే నాకు కళ్లు చెదిరాయి. అటు పచ్చ, ఇటు పచ్చ, మధ్యలో కాలవ. మా వైపు ఒక బిందె నీళ్ల కోసం పోట్లాడుకునే ఆడవాళ్లని తెచ్చి ఇక్కడ నిలబెడితే ఏమంటారో అనుకున్నాను.

పెట్రోలు పోసే ఆసామి పంచె ఎగ్గట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎక్కడినుంచండీ రావడం?"

"అనంతపురం."

"అంత దూరమే. మరి కాఫీ తాగారా?"

లేదన్నాను. పెట్రోలు, నూనె పాళ్లు చెప్పి, ఆయన మనిషిని వెంటబెట్టుకుని పక్క హోటలుకి వెళ్లాను. పావలాకి రెండు ఇడ్లీ, ఒక కాఫీ. ఇడ్లీ మీద నెయ్యి అడగకుండానే వేశాడు. చట్నీ కొబ్బరిది ఒకటి, అల్లంది ఒకటి. తిరిగి వచ్చేసరికి ట్యాంకు నిండి ఉంది. "కలిపేశానండీ, ఇంక మీరు హాయిగా వెళ్లొచ్చు" అన్నాడు.

హాయి కవుతరం దాకా కూడా రాలేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా, తడిగా, నూనె కారుతూ ఉంది. పిన్నీసుతో గీకి, అగ్గిపెట్టె గరుకు వైపు రుద్ది బిగించాను. నడిచింది. మళ్లీ రెండు మైళ్లకి ఆగింది. చేలో పని చేసుకుంటున్న రైతు ఒకాయన గట్టెక్కి వచ్చి తీరిగ్గా పరిశీలించాడు.

"నూనె చాల్లేదేమోనండీ."

"చాలినంతే పోయించానండీ."

"ఏమో, మా నీళ్లింజను ఇంతేనండీ. నూనె తగ్గిందంటే మొరాయిస్తది. ఇంకాస్త పోస్తే దారిన పడతది."

అది నీళ్లింజను, ఇది వేరు అని చెప్పడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. అంత ఆప్యాయంగా చెప్పేవాడితో వాదన ఏం పెట్టుకుంటాం. కానీ నూనె మాత్రం పొయ్యలేదు. వెనక చక్రం మీద కోపం చూపించి ఒక తన్ను తన్నాను. కాలు నొప్పెట్టింది.

పెడన

పెడనలో కాలవ పక్కన బండి ఆగింది. నేను ఆపలేదు, అదే ఆగింది. అక్కడ నడుం లోతు నీళ్లలో నిలబడి అద్దకం బట్టలు జాడిస్తున్నారు. ఎర్రటి పువ్వులు, నల్లటి తీగెలు నీళ్లలో సాగి ఊగుతున్నాయి. వాళ్లలో పెద్దాయన వీరాస్వామి. కొయ్య అచ్చులతో బట్ట మీద పువ్వులు అద్దే పని ఆయనది. మోచేతుల దాకా ఎరుపు. నా చేతులు మోచేతుల దాకా నలుపు.

"మీరూ అద్దకం పనేనా అల్లుడుగారూ?" అన్నాడు నా చేతులు చూసి. అందరూ నవ్వారు. నాకు కొంచెం కోపం వచ్చింది, తర్వాత నవ్వూ వచ్చింది. ఆ పూటకి ఆయన నాకు మావయ్య అయ్యాడు.

వాళ్లింట్లోనే భోజనం. ఉలవచారు పోశారు. మా వైపు ఉలవలంటే గుగ్గిళ్లు, లేదంటే ఎద్దుల దాణా. అదే ఉలవని పొద్దంతా కాచి, చిక్కగా చేసి, పైన ఇంత మీగడ వేసి పెడితే నాకు తెలిసిన ఉలవేనా ఇది అనిపించింది. "ఇంక చాలమ్మా" అంటే వీరాస్వామి భార్య తల ఊపుతుంది, గరిటె మాత్రం వంగుతుంది. ఆ ఇంట్లో చాలు అన్న మాటకి విలువ లేదు.

తిన్నాక బండి దగ్గర కూర్చుని గాలి పీల్చే జాలీ విప్పి దుమ్ము దులిపాను. తేడా ఏమీ కనిపించలేదు. ప్లగ్గు కొత్తది వేశాను. బందరు పొలిమేరల్లో అదీ నల్లబడింది.

బందరు

కాగితాల మీద మచిలీపట్నం. మనుషుల నోట్లో బందరు. మచిలీపట్నం ఎటు అని అడిగితే నన్ను ఎగాదిగా చూశారు. రేవు చూద్దామని వెళ్లాను. సముద్రమంటే పెద్ద పెద్ద అలలుంటాయని ఊహించుకున్నాను. కనుచూపు మేర బురద, దాని చివర ఎక్కడో నీటి గీత. ఎండు చేపల వాసనకి మాత్రం ఏ లోటూ లేదు.

హోటలాయన ప్లగ్గుని చూసి, "సముద్రపు గాలండీ. చెమ్మకి మా ఉప్పే కరిగిపోతుంటే ఇదెంత" అన్నాడు. కాఫీ గిన్నెల పక్కన బొగ్గుల మీద దాన్ని కాల్చి ఎండబెట్టి ఇచ్చాడు. మర్నాడు పొద్దున పెట్రోలు పోయించాను. అక్కడా అంతే, "ఈలోగా మీరు నీడన కూర్చోండి, మజ్జిగ తాగండి" అని కుర్చీ వేశారు. కోడూరులో పెట్రోలు దొరుకుతుందో లేదోనని ఒక డబ్బాలో నూనె కలపని పెట్రోలు కూడా పట్టించాను. ఖాళీ డబ్బా ఒకటి సంచీలో ఉండిపోయింది.

అక్క కోసం హల్వా కొన్నాను. నల్లగా, నెయ్యి ఓడుతూ ఉంది. తూకం సరిపోయింది. పొట్లం కట్టబోతూ కొట్టువాడు ఇంకో ముక్క తెంపి పైన పెట్టాడు. ఆ ముక్క నేను అక్కడే తినేశాను. చాలా బాగుంది.

చల్లపల్లి దాటాక

చల్లపల్లి దగ్గర రైసు మిల్లు ముందు బండి మొండికేసింది. మిల్లు యజమాని పడక కుర్చీలోంచి లేచి వచ్చాడు. అక్క పేరు చెప్పాను.

"నర్సమ్మగారి తమ్ముడా. మా పాలేరు కోడలికి పురుడు పోసింది ఆవిడేనండీ. లోపలికి రండి ముందు."

లోపలికి వెళ్లాను, కొబ్బరి నీళ్లు తాగాను. బయటికి వచ్చేసరికి మిల్లు ఇంజనులో పోసే చిక్కటి నూనె నా ట్యాంకులో పడిపోయి ఉంది. "ఎంత పోశారండీ?" అన్నాను. "ఎంతో కాదులెండి, ఒక గిద్దెడు. మన బండేగా" అన్నాడు. తీసుకోనంటే నొచ్చుకునేలా ఉన్నాడు. దణ్ణం పెట్టి బయల్దేరాను.

ఇంక చూడండి పొగ. వెనక వచ్చే ఎద్దులు బెదిరి చేలోకి దిగాయి. బండివాడు నన్ను తిట్టిన తిట్లు పత్రికలో రాయడానికి పనికిరావు. పులిగడ్డ ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను పూర్తిగా చచ్చిపోయింది. ప్లగ్గు తుడిచాను, గీకాను, ఆరబెట్టాను. కిక్కు కొట్టి కొట్టి మోకాలు పట్టేసింది.

రోడ్డు పక్కన తుమ్మ చెట్టు కింద కూర్చుండిపోయాను. నిజంగా దిగులేసింది. నాకు దారిలో బండి ఆగితే భోజనం ఆలస్యమవుతుంది, అంతే. అక్కకి ఆగితే ఎక్కడో ఒక గుడిసెలో ఒక మనిషి పోతుంది. ఆగిపోయే బండి చేతికిచ్చి ధైర్యం చెప్పడం కంటే ఇవ్వకపోవడమే మేలు. ఏ లారీ మీదో వేసి దీన్ని గుడివాడకి తిప్పి పంపేద్దాం, అక్కకి మొహం ఎలా చూపించాలో తర్వాత ఆలోచిద్దాం అని తీర్మానించుకున్నాను.

అదే చెట్టు కింద రొయ్యల గంపతో ఒక బెస్తామె కూర్చుని ఉంది. పేరు నాంచారమ్మ. దారిన పోయేవాళ్లు ఆగి కొంటున్నారు. సోలతో కొలుస్తుంది, కొన్నవాళ్ల గిన్నెలో పోస్తుంది, ఆ పైన చేత్తో ఇంకో గుప్పెడు వేస్తుంది. ఒకరికి కాదు, అందరికీ. ముసలామెకైతే రెండు గుప్పిళ్లు.

"అందరికీ అట్లా వేస్తే నీకేం మిగులుతుందమ్మా?" అన్నాను.

"కొసరు బాబూ అది. కొలిచిందాకా యాపారం. కొసరేస్తేనే మడిసి."

"అడగకుండానే వేస్తున్నావే."

"అడిగించుకునేదాకా ఉంటే పరువేముంటది? మీ వైపు ఎయ్యరా?"

వేస్తారు. మా వైపూ కొసరుంది. కాని అడగాలి, బతిమాలాలి, అప్పుడు రెండు వేళ్లతో చిటికెడు వేస్తారు. కరువు నేల, వాళ్ల తప్పేమీ లేదు. అలా అనుకుంటూ ఉండగానే నా బుర్రలో ఏదో కదిలింది. హల్వా ముక్క. గరిటె వంచిన ఇల్లాలు. మిల్లు ఆయన గిద్దెడు. గుడివాడలో నేను కాఫీ తాగుతున్నాను, బందరులో మజ్జిగ తాగుతున్నాను. నూనె కొలిచి పోస్తుంటే ఒక్కచోట కూడా నేను పక్కన నిలబడలేదు. దూరం నుంచి వచ్చిన మనిషి కదా అని ప్రతివాడూ కొలత పోసి, ఆ పైన ప్రేమగా ఇంకాస్త వంచి ఉంటాడు.

లేచి మూత తీసి, ట్యాంకులో పుల్ల ముంచి వేళ్ల మధ్య రాసి చూశాను. జిడ్డు, జిగట. పెట్రోలు లాగా చప్పున ఆరిపోలేదు. ఇంక నాకు నవ్వాగలేదు. నాంచారమ్మ గంప కొంచెం అవతలికి జరుపుకుంది.

సగం ట్యాంకు ఖాళీ డబ్బాలోకి వంచేసి, ఆ మేర వట్టి పెట్రోలు పోశాను. ప్లగ్గుని దూరంగా తీసుకెళ్లి, పెట్రోలు చుక్క వేసి నాంచారమ్మ అగ్గిపుల్లతో ముట్టించి మసి కాల్చేశాను. ఇంకో సంగతి కూడా తోచింది. మా ఊరి ఖాళీ రోడ్ల మీద బండి పరుగెత్తుతుంది, వేడికి ప్లగ్గు తనంతట తానే శుభ్రమవుతుంది. ఇక్కడ ఎద్దుల బండ్ల వెనక, గట్ల మీద నడక వేగమే. అందుకని కార్బురేటరులో పెట్రోలు వదిలే సూదిని ఒక గాడి కిందికి దించాను. పెట్రోలు కొంచెం తగ్గి గాలి పాలు పెరుగుతుంది.

రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. మొదట గుప్పుమని తెల్లపొగ వచ్చింది, తర్వాత పలచబడింది. కృష్ణ పాయ మీద కాలవ నీళ్లని దాటించడానికి పులిగడ్డ దగ్గర వంతెన కట్టారు. కింద ఏరు, పైన కాలవ. నీటి మీద నీళ్లు నడిచిపోతుంటే మా ఊరి నుంచి వచ్చిన ఎవడైనా కాసేపు నోరు తెరుచుకుని నిలబడాల్సిందే. నేనూ నిలబడ్డాను. అవనిగడ్డలో ప్లగ్గు విప్పి చూశాను. కాఫీపొడి రంగులో, పొడిగా ఉంది. ఆ రంగు చూసి ఎంత సంతోషపడ్డానో మా ఆవిడకి చెబితే నమ్మడం లేదు.

కోడూరు

అక్క వాకిట్లోనే ఉంది.

"ఏంట్రా ఇలా అయిపోయావు? మొహం కడుక్కో ముందు" అంది.

"ఈ ఊరొచ్చిన నాలుగేండ్లకే 'ఏంటి', 'ఇలా' అంటుండావే. మన మాట మరిచిపోతివా?"

"బిడ్డ బయటికొచ్చేటప్పుడు ఏడ్చిందా లేదా అనే నేను చూసుకునేది. యాసతో ఏం పనిరా" అని నా నెత్తి మీద మొట్టింది.

సంగతంతా చెప్పాను. మొదట కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"నువ్వంటే పరాయివాడివి, నీకే అంత పోశారు. ఈ దివిసీమలో నాకు కొసరు పెట్టనివాడు ఎవడున్నాడు? కూరగాయలకెళితే సంచీ మొయ్యలేక వస్తాను. ఈ బండి నాకు నడిచేటట్టు లేదురా."

అది నేను ఆలోచించనే లేదు. ప్లగ్గు బాగైంది, ఊరిని ఎలా బాగుచేస్తాం. అక్క కాసేపు గడప మీద కూర్చుని, చెప్పులేసుకుని లేచింది. "పద, శేషయ్య బాబాయి కొట్టుకి" అంది.

కోడూరులో నూనె, పెట్రోలు డబ్బాల్లో అమ్మేది ఆ శేషయ్య ఒక్కడే. ఆయన మనవడు కడుపులో అడ్డం తిరిగితే అక్కే పురుడు పోసింది. అక్క ఆయన చేతిలో నూనె కొలిచే గ్లాసు పెట్టింది. గ్లాసు మీద గీత నేనే గీశాను.

"బాబాయ్, ఈ గీత దాకానే పొయ్యాలి. ఒక్క చుక్క పైన పడ్డా నేను దారిలో ఆగిపోతాను."

శేషయ్య మొహం చిన్నబోయింది. "నీకు గీసి కొలిచి పొయ్యమంటావా అమ్మా? మా ఇంటి దీపం నిలబెట్టిందానివి. నా చెయ్యి ఊరుకుంటదా?"

"ఊరుకోదు, నాకు తెలుసు. అందుకే ఆ చేతికి వేరే పని చెప్తున్నా. నూనె పోసినప్పుడల్లా ఇంత వాము పొట్లం కట్టివ్వు. బాలింతకి నీ పేరు చెప్పి ఇస్తాను."

ఆయన నూనె గీత దాకా పోశాడు. చెయ్యి ఇంకాస్త వంగబోయింది గాని గీత దాటలేదు. తర్వాత డబ్బాలోంచి వాము తీసి పొట్లం కట్టాడు. అది చిన్న పొట్లం కాదు. "బెల్లం కూడా పెట్టనా?" అన్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుండగా సముద్రం వైపు పల్లె నుంచి ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. పేరు పోతురాజు. పెళ్లానికి నొప్పులు మొదలయ్యాయి, తొలి కాన్పు. అక్క సంచీ అతని చేతికిచ్చి, చీర కచ్చ బిగించి, బండి తీసింది.

"ఎక్కు" అంది.

"ఆడమడిసి ఎనకాల నేనెట్టా కూచునేదండీ? నేను లగెత్తుకొస్తా, మీరెళ్లండి."

"దారెవరు చూపిస్తారు? నీ పెళ్లాం కోసం కూర్చో."

కూర్చున్నాడు. సంచీని గుండెకి కరుచుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వీధిలో జనం పక్కకి తప్పుకున్నారు. గట్టెక్కాక తెల్లచీర కొంతసేపు కనిపించింది, తర్వాత ఇంజను చప్పుడు మాత్రమే. ఆగుతుందేమో అని ఊపిరి బిగబట్టి విన్నాను. కాసేపటికి అదీ వినిపించడం మానేసింది. ఆగిపోయిందో, దూరమైందో అనే అనుమానం ఆ తర్వాత నన్ను పట్టుకుంది. పక్కింటావిడ భోజనానికి పిలిస్తే వెళ్లలేదు. పదిసార్లు గట్టు దాకా నడిచి వచ్చాను. ఒకసారి బురదలో జారి పడ్డాను కూడా.

ఎండ వాలే వేళకి చప్పుడు వినిపించింది. అక్క బండి దిగి స్టాండు వేసింది. మొహమంతా దుమ్ము. నేను ఎదురెళ్లి, "బండేమన్నా ఆగిందా?" అన్నాను. అక్క అరుగు మీద కూర్చుంది. నీళ్లిస్తే చెంబెడూ తాగేసింది.

"ఆడపిల్ల. తల్లి బాగుంది" అంది.

చెంబు పక్కన పెట్టి గట్టు వైపు చూసింది.

"నేను వెళ్లేసరికి నొప్పులింకా ముదరలేదురా. పీట వేసి కూర్చోమన్నారు. నాకేం చెయ్యాలో తెలీలేదు. నీళ్లు కాచుకున్నాను, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను, ఆ పిల్లతో కబుర్లు చెప్పాను, జడ కూడా వేశాను. ఇక్కడికొచ్చాక ఒక కాన్పు కోసం నేను ముందెళ్లి ఎదురుచూడ్డం ఇదే మొదటిసారి."

అంటూ అంటూనే ఏడ్చేసింది. చెంబు తీసుకుని మళ్లీ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను.